మా నెట్టుకు బారికి

ముందే ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇక్కడ రాసిన ప్రతి మాటా నిజం. తూర్పు దిక్కుకు తిరిగి, చెప్పులు విడిచి, కుడి చెయ్యి మా ఆఫీసు రౌటరు మీద పెట్టి మరీ చెబుతున్నాను. అది కాలుతోంది కాబట్టి ఎక్కువసేపు పెట్టలేకపోయాను గానీ, ప్రమాణంలో లోపం లేదు.

ఇంత ఘనంగా ఎందుకు మొదలుపెట్టానంటే, అరకులోయలో నా మాటకు ఒక పేరుంది. ఇక్కడ చాలా ఏళ్ళు కేబుల్ టీవీ నడిపాను. సీరియల్ మధ్యలో బొమ్మ పోయిన ప్రతిసారీ జనానికి ఏదో ఒక కారణం చెప్పాలి. కొండముచ్చు తీగ పట్టుకుని ఊగుతోందని ఒకసారి చెప్పాను. ఉపగ్రహానికి జలుబు చేసిందని ఇంకోసారి చెప్పాను. కిరండూల్ రైలు దిగే టూరిస్టులకైతే, ప్రతి సొరంగం ముందూ డ్రైవరు కొండను అనుమతి అడగడానికే హారన్ కొడతాడని, కొండ ఒప్పుకోకపోతే రైలు వెనక్కి పోవాల్సిందేనని చెప్పేవాణ్ణి. వాళ్ళు ఫోన్లో రాసుకునేవారు. మా ఆవిడ, నేను వాన పడుతోందంటే కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి చూసుకుని గానీ గొడుగు తియ్యదు.

కేబుల్ కాలం పోయాక అవే స్తంభాల మీద, అవే సిల్వర్ ఓక్ చెట్ల మీదుగా ఫైబర్ లాగి ఇంటర్నెట్ వ్యాపారం పెట్టాను. ఫోన్ సిగ్నల్ ఎక్కని ఊళ్ళు మా కొండల్లో ఇప్పటికీ ఉన్నాయి. అక్కడికి వెళ్ళేది మా తీగ ఒక్కటే. మొదట్లో విశాఖపట్నంలో ఒక పెద్ద కంపెనీ దగ్గర లైను తీసుకుని, దానితోపాటు వాళ్ళ నంబర్లే వాడుకునేవాణ్ణి. ఇంటర్నెట్లో ప్రతి కనెక్షనుకూ ఒక నంబరుంటుంది, ఇంటికి డోర్ నంబరు ఉన్నట్టు. కొన్నాళ్ళకు ఆ నంబర్లు పంచిపెట్టే సంస్థకు దరఖాస్తు పెట్టి మా సొంత నంబర్లు తెచ్చుకున్నాను. లైను కంపెనీదే అయినా నంబర్లు మావి. సొంతిల్లు కట్టుకున్నంత సంబరపడ్డాను.

ఆ దరఖాస్తులో ఒక గడి దగ్గర నా కలం ఆగింది. 'అబ్యూజ్ కాంటాక్ట్' అని ఉంది. ఈ మెయిల్ అడ్రసు ఇమ్మన్నారు.

అబ్యూజ్ అన్న మాట నాకు బాగా తెలుసు. క్రికెట్ ఆఖరి ఓవర్లో బొమ్మ పోయినప్పుడు ఒక రిటైర్డ్ మాస్టారు మా ఇంటి ముందు నిలబడి నన్ను, మా నాన్నను, మా తాతను వరసగా తిట్టారు. మర్నాడు మనసు కుదుటపడి ఇంగ్లీషులో క్షమాపణ చీటీ పంపారు. నిన్నటి అబ్యూజ్‌కు చింతిస్తున్నాను, అని అందులో ఉంది. కాబట్టి అబ్యూజ్ అంటే తిట్లు. తిట్లు పంపడానికి ఒక అడ్రసు ఇమ్మంటున్నారన్నమాట. విదేశీయుల పద్ధతి చూసి ముచ్చటేసింది. తిట్లకు కూడా విడిగా ఒక డబ్బా పెట్టుకున్నారు.

తిట్లు వచ్చే డబ్బాను ఎవరైనా తెరిచి చూస్తారా? నాకు ఒక పాత మెయిల్ అడ్రసు ఉంది, దాని పాస్‌వర్డ్ ఎప్పుడో మరిచిపోయాను. అది రాసిచ్చాను. తిట్టేవాళ్ళు తృప్తిగా పంపుకుంటారు, నేను తృప్తిగా చదవకుండా ఉంటాను. ఇద్దరికీ బాగుంటుందనుకున్నాను. ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయి రెండో కప్పు కాఫీ తాగాను.

అలా కొన్ని నెలలు గడిచాయి. వలిసె పూలు పూసి రాలిపోయాయి, కాఫీ పండ్లు కోతకొచ్చాయి. ఒక బుధవారం ఉదయం విశాఖపట్నం కంపెనీ ఇంజనీరు ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు, ఎప్పుడూ గొంతు పెంచడు. అందుకే భయమేసింది.

"సార్, మీ నంబర్లలోంచి ఎవరో బయటి కంప్యూటర్ల మీద పడుతున్నారు. కంప్లయింట్లు మీ అబ్యూజ్ కాంటాక్ట్‌కు పంపితే ఎవరూ పలకడం లేదట. నంబర్లిచ్చే సంస్థ కూడా చెక్ చేయడానికి మెయిల్ పంపిందట. అందులో లింకు నొక్కితే చాలు. అదీ నొక్కలేదు. మీ రికార్డు మీద ఈ కాంటాక్ట్ చెల్లదు అని రాసేశారు."

"తిట్లకు జవాబిస్తారా ఎవరైనా?" అన్నాను.

"తిట్లేంటి సార్? మన నెట్‌వర్క్ నుంచి ఎవరికైనా ఇబ్బంది కలిగితే వాళ్ళు చెప్పుకునే చోటు సార్ అది. ఇప్పుడు మీరు పలక్కపోయేసరికి అందరూ మా మీదికొస్తున్నారు. మా మేనేజర్లు నిర్ణయించేశారు. శనివారం పొద్దున్న పది గంటలకల్లా కాంటాక్ట్ సరిగ్గా ఉండాలి, ఆ దాడి ఆగాలి. లేకపోతే మీ లైను ఆపేస్తాం. నేనేం చేయలేను సార్."

శనివారం అనగానే నాకు గుర్తొచ్చింది మా లైను గురించి కాదు. శనివారం పదకొండు గంటలకు అప్ప వీడియో ఉంది.

అప్ప అంటే మా వైపు అక్క. ఈమె నాకు రక్తసంబంధం కాదు గానీ, అరకు నుంచి జీపులో గంట ప్రయాణం ఉన్న ఒక కొండ ఊళ్ళో కాఫీ పండించే ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. వాళ్ళ ఊరికి మొదటి స్తంభం పాతిన రోజు నాకు రాగి అంబలి పోసింది కాబట్టి అప్ప అయింది. ఈ ఏడు వాళ్ళ గింజలు ఎక్కడో దేశం కానిదేశంలో కాఫీ కొనేవాళ్ళకు నచ్చాయి. కొనే ముందు కల్లం చూడాలన్నారు. రావడం కుదరదు కాబట్టి వీడియోలో చూపించమన్నారు. ఆ ఊళ్ళో ఫోన్ సిగ్నల్ లేదు. మా తీగ ఉంటేనే వీడియో. అది కుదరకపోతే ఎప్పటిలాగే గోనె ఎత్తుకుని సంతకు పోయి, అక్కడి వ్యాపారి ఏ మాటంటే ఆ మాటకు తల ఊపి రావడమే.

జీపు తీసుకుని బయలుదేరాను. దారంతా ఏం చెప్పాలో అల్లుకుంటూనే ఉన్నాను.

అప్ప కల్లంలో ఉంది. వెదురు మంచెల మీద గింజలు ఎండుతున్నాయి, ఆమె చేత్తో తిరగేస్తోంది. ఇంకో నలుగురు ఆడవాళ్ళు శనివారం ఏ చీర కట్టుకోవాలో తగవులాడుకుంటున్నారు. అప్ప మామగారు, బాగా ముసలాయన, గోడకు ఆనుకుని ఎండ కాగుతున్నాడు.

"అప్పా, శనివారం ఒక మేఘం ఉంది," అన్నాను.

"ఏటా మేఘం?"

"గాలికొండ మీంచి దిగుతాది. అది తీగ మీద కూకుందంటే రెండు రోజులు లెగదు. వీడియో ఇంకో రోజుకి పెట్టుకుందాం."

అప్ప గింజలు తిరగేయడం ఆపలేదు. "నువ్వు అబద్ధం సెప్పినప్పుడల్లా నీ ఎడం సెవి ఎర్రగా అయిపోద్ది. తెలుసా నీకు?"

నా చెయ్యి చెవి మీదికి పోయింది.

"సూసినారా, తడుముకున్నాడు," అంది మిగతావాళ్ళతో. వాళ్ళు చీరల సంగతి వదిలేసి నన్ను చూసి నవ్వారు. "సెవికేటీ కాలేదు గానీ, ఇప్పుడు నిజం సెప్పు."

చెప్పాను. మొదటినుంచీ చెప్పాను. తిట్ల డబ్బా సంగతి కూడా చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"ఆళ్ళు ఒక్క రోజే ఇచ్చినారు," అంది అప్ప. "శనివారం మనం అవుపించకపోతే ఇంకో కొండకి ఎల్లిపోతారు. మాకోసం కూకుంటారేటి?"

"అరకు వచ్చెయ్యండి. అక్కడ ఫోన్లో..."

"కల్లం ఎత్తుకు రమ్మంటావేటి అరకు? ఆళ్ళు సూత్తానన్నది నన్ను కాదు, కల్లాన్ని."

అప్పుడు గోడ దగ్గరినుంచి ముసలాయన కదిలాడు.

"ఎవురితో తగువు?" అన్నాడు.

"ఎక్కడో దూరదేశంలో తాతా. మన తీగ మీదున్నోడు ఎవడో ఆళ్ళ తలుపు ఊరికినే కొడతన్నాడంట. ఆళ్ళు సెప్పుకుందామని సూసినారు. నేనిచ్చిన అడ్రసులో పలికినోడు లేడు."

"అంటే మీ ఊరికి బారికి లేడా?"

బారికి అంటే కొండ ఊళ్ళలో కబురు మోసే మనిషి. పండగైనా పంచాయతీ అయినా ఇంటింటికీ చెప్పేది ఆయనే, బయటినుంచి ఆఫీసర్లు వస్తే ఎదురెళ్ళేదీ ఆయనే. ఇప్పుడు ఫోన్లొచ్చాక ఆ పని తగ్గిపోయింది గానీ, ఈ తాత తన కాలంలో ఆ ఊరికి బారికి. నాకు నవ్వొచ్చింది. ఇంటర్నెట్‌కు బారికి ఏమిటనుకున్నాను.

"నవ్వుతావేటి బావు," అన్నాడు తాత. "అవతల కొండోడి మేకని మనోడెవడో పట్టుకొచ్చేసినాడనుకో. ఆ కొండోడు తిన్నగా మనోడి ఇంటికి వత్తాడేటి? ఏ ఇల్లో ఆడికి తెల్దు కదా. నా గుమ్మంలోకి వత్తాడు. ఊరు మొగదల మొదటి ఇల్లు నాది. అంబలి ఇత్తాను, తాగుతాడు, సెప్పుకుంటాడు. ఆడు సెప్పింది ఇని, అప్పుడు నాను ఇల్లిల్లూ తిరుగుతాను."

"బారికి లేకపోతే?"

"ఒకసారి వత్తాడు, గుమ్మంలో ఎవుడూ లేడు. రెండోసారి వత్తాడు, ఎవుడూ లేడు. మూడోసారి రాడు. దారికి అడ్డంగా ముళ్ళకంప ఏసేత్తాడు. మేకని పట్టుకొచ్చినోడు ఒక్కడే. కంప మాత్రం ఊరందరికీ."

శనివారం పది గంటలకు మా లైనుకు జరగబోయేది అదే. ఇంజనీరు అరగంట ఇంగ్లీషులో చెప్పినా నా బుర్రకెక్కనిది, ఆ గోడ దగ్గర రెండు నిమిషాల్లో ఎక్కింది.

"మరి అలా వచ్చినోళ్ళు నిన్ను తిట్టరా తాతా?"

"తిడతారు కొందరు. తిడితే నాకేటి? ఆ తిట్టు నాది కాదు కదా, మేకని పట్టుకొచ్చినోడిది. మోసుకెళ్ళి ఆడి గుమ్మంలో దింపెత్తాను." ఆయన దుప్పటి సర్దుకున్నాడు. "నువ్వు ముందు ఒక మాట సెప్పాల. ఇన్నాను, అని. దొంగ దొరికాక కాదు, ముందే సెప్పాల. బేగి సెప్పాల. ఆ మాట ఇంటే ఆడు కంప కింద పెట్టి కూకుంటాడు."

"బేగి ఎల్లు మరి," అంది అప్ప. "ఇక్కడ కూకుని మేకల కతలు ఇంటన్నావు."

గురువారం ఉదయం ఆఫీసు తెరవగానే కొత్త మెయిల్ అడ్రసు తయారుచేశాను. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి గోడకు అంటించబోయి, అది తప్పని గుర్తొచ్చి చించేసి బట్టీ పట్టాను. మెయిల్ వస్తే ఫోన్ మోగేలా పెట్టాను. మోత కూడా మామూలు మోత కాదు, రైల్వే స్టేషన్లో బండి వస్తోందని చెప్పే ముందు మోగే గంట. తర్వాత నంబర్లిచ్చే సంస్థ సైటులో పాత అడ్రసు తీసేసి కొత్తది పెట్టాను. నిమిషంలో గంట మోగింది. ఈ అడ్రసులో నిజంగా మనిషి ఉన్నాడా అని అడుగుతూ లింకు పంపారు. నొక్కాను.

నేను రోబోను కానని నిరూపించుకోమంది. తొమ్మిది బొమ్మలు చూపించి, ట్రాఫిక్ లైట్లున్నవి గుర్తుపట్టమంది. ఇక్కడ నాకు అన్యాయం జరిగింది. మా కొండల మీద ట్రాఫిక్ లైటు అనేది లేదు. ఘాట్ రోడ్డు దిగి మైదానంలో చాలా దూరం పోతే గానీ అది కనపడదు. స్తంభం మీద డబ్బా ఉంటే నా కళ్ళకు అది ఫైబర్ పెట్టెలాగే కనిపిస్తుంది. రెండుసార్లు తప్పాను. అది నన్ను రోబో అనే తేల్చింది. మూడోసారి జాలిపడి వంతెనల బొమ్మలిచ్చింది. వంతెనలు మాకు కావలసినన్ని. టకటకా నొక్కాను. పచ్చ రంగులో టిక్కు పడింది. రికార్డు మీద ఇప్పుడు మా కాంటాక్ట్ చెల్లుతుంది. ఈ లోకంలో నేను మనిషినని ఒక సంస్థ ఒప్పుకోవడం చాలా రోజుల తర్వాత జరిగింది.

ఇంజనీరుకు ఫోన్ చేసి, వాళ్ళ దగ్గరికొచ్చిన కంప్లయింట్లన్నీ పంపమన్నాను. గంట మోగింది. మోగింది, మోగింది, మోగుతూనే ఉంది. బయట టీ కొట్టు దగ్గర ఒకాయన ఇవాళ రైళ్ళు ఎక్కువున్నట్టున్నాయే అన్నాడు.

భయపడుతూ మొదటిది తెరిచాను. తిట్లుంటాయనుకున్నాను. మనకంటే ముందు పొద్దు పొడిచే ఏదో ద్వీపంలో ఒక ఊరి గ్రంథాలయం నుంచి వచ్చింది. 'అయ్యా, మీ ఈ నంబరునుంచి ఎవరో మా కంప్యూటరు తలుపును వందల తప్పుడు తాళాలతో తెరవాలని చూస్తున్నారు. పిల్లల పుస్తకాల జాబితా తెరుచుకోవడం లేదు. దయచేసి చూడగలరా?' అని ఉంది. కింద నంబరు, తేదీ, సమయం. నాలుగోసారి రాస్తున్నామని, ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించమని కూడా ఉంది. ఇరవై ఏళ్ళలో నా కస్టమరు ఒక్కడు కూడా నన్ను అంత మర్యాదగా అడగలేదు. ఆ మెయిళ్ళను తిట్లనుకుని చదవకుండా వదిలేసినందుకు, ఆ చీటీ రాసిన మాస్టారి మీద, నా మీద, ఇంగ్లీషు భాష మీద వరసగా కోపమొచ్చింది.

తాత చెప్పినట్టే ముందు ఒక్క మాట రాశాను. విన్నాం, వెతుకుతున్నాం, దొరికాక మళ్ళీ చెబుతాం. అందరికీ పంపాను.

ఏ నంబరు ఏ గంటలో ఎవరి కనెక్షనుకు ఇచ్చిందో మా మిషను రాసుకుంటుంది. గ్రంథాలయం వాళ్ళు రాసిన సమయం ముందు రోజు తెల్లవారుజామున మూడు గంటల నలభై నిమిషాలు. ఆ వేళకు చెట్టు పడి కరెంటు తీగ తెగి, లోయ సగం చీకట్లో ఉంది. మా మిషను కూడా పడుకునుంది. ఆ నంబరు అప్పుడు ఎవరి దగ్గరా లేదు. అంటే వాళ్ళే పొరబడ్డారు. నాకు ప్రాణం లేచొచ్చింది. దొంగ మావాడు కాదని రాసేయబోతూ, ఎందుకో ఆగి, అప్పకు వైఫై కాల్ చేసి తాతకు ఇమ్మన్నాను.

"తాతా, ఆళ్ళు సెప్పిన ఏళకి మన కరెంటే లేదు. ఆళ్ళదే తప్పు. అలాగే రాసేత్తన్నాను."

"ఏ పొద్దు?" అన్నాడు తాత.

"ఏ పొద్దేటి?"

"పడమటి కొండోడు వచ్చి, పొద్దు కొండ నెత్తినున్నప్పుడు మేక పోయిందన్నాడనుకో. ఆడి కొండ నెత్తినా, మన కొండ నెత్తినా? మనకి పొద్దు ఎక్కిపోయినాక గానీ ఆడికి రాదు. అడగాల కదా. అడక్కుండా నువ్వు అబద్ధమంటే ఆడికి కోపం రాదేటి?"

ఫోన్ పెట్టేసి మెయిల్ మళ్ళీ చూశాను. సమయం పక్కన మూడు చిన్న అక్షరాలున్నాయి, మనం ఎప్పుడూ పట్టించుకోనివి. అది లోకమంతటికీ ఒకటే లెక్కగా పెట్టుకున్న గ్రీనిచ్ గడియారం. మన సమయం కావాలంటే అయిదున్నర గంటలు కలపాలి. కలిపితే ఉదయం తొమ్మిదీ పది. తొమ్మిదీ పదికి కరెంటుంది, మిషను లేచుంది, ఆ నంబరు ఒకరి దగ్గరుంది. మిగతా కంప్లయింట్లకూ అలాగే కలిపి చూశాను. ప్రతిసారీ ఒకటే గుమ్మం. అరకు రోడ్డు మీద ఒక లాడ్జి.

శుక్రవారం అరకు సంత. తాత మిరియాలు అమ్మడానికి ఎలాగూ జీపులో దిగుతాడు. సంచి పక్కన పెట్టించి, రెండు పకోడీలు తినిపించి, ఆయన్ను వెంటబెట్టుకుని లాడ్జికి పోయాను. ఆ ఓనరు సంగతి లోయలో అందరికీ తెలుసు. శాలువా కప్పుకుని, కౌంటరు వెనక గుండ్రటి కుర్చీలో కూర్చుని, తన తెలివి గురించి తనే చెప్పుకునే మనిషి. గోడ మీద నాలుగు కెమెరాల బొమ్మలు ఆడుతున్నాయి.

తాత గుమ్మం దాటలేదు. మెట్టు మీదే కూర్చున్నాడు.

"నీ గుమ్మంలోకి ఒక కబురు వచ్చింది బావు. దింపడానికి వచ్చినాను," అన్నాడు.

"ఏటా కబురు?"

"సముద్రం అవతల పిల్లలు పొత్తకాలు సదువుకునే ఇల్లుంది. నీ ఇంట్లోంచి ఏదో ఆ ఇంటి తలుపు కొడతంది. ఆపమంటన్నారు."

ఓనరు నవ్వాడు. "నా ఇంట్లో ఉన్నది నేనూ, ఈ కుర్చీ. సముద్రం అవతలకి ఎప్పుడెల్లాం?"

"ఆ డబ్బా ఉంది కదా," అని తాత కెమెరాల పెట్టెను చూపించాడు. ఇలాంటి పనులు ఎక్కువగా చేసేది అవేనని నేనే దారిలో చెప్పాను.

"అది దొంగల్ని పట్టుకోడానికి పెట్టినాను తాతా. అదే దొంగతనం సేత్తాదా?"

"కాపలా పెట్టిన కుక్కని కట్టకుండా ఒగ్గేసినావేమో. ఎవుడు పిలిస్తే ఆడితో ఎల్లిపోతంది. దాని తాళం ఏటి?"

ఓనరు గొంతు సర్దుకున్నాడు. శాలువా సర్దుకున్నాడు. "కంపెనీవాడు ఇచ్చిందే," అన్నాడు.

"అంటే?"

"ఒకటి రెండు మూడు నాలుగు."

తాత నా వైపు చూశాడు. తర్వాత ఆయన వైపు చూశాడు. "నాను బడికి ఎల్లలేదు. నాకూ వచ్చు ఆ నాలుగూ. ఇంత సదువుకున్నోడివి, ఇన్ని తీగలు పెట్టుకున్నోడివి, అయిదు అని ఇంకొకటి కలపడానికి సెయ్యి రాలేదేటి నీకు? నీ నాలుగంకెలకి అక్కడ పిల్లలు బొమ్మల పొత్తకం సూడకుండా కూకున్నారు. ఇక్కడ మా కోడలు కల్లం తుడుసుకుని కూకుంది. నువ్వు కుర్సీలో తిరుగుతన్నావు. సిగ్గనిపించటం లేదేటి?"

ఆయన గొంతు కొంచెం కూడా లేవలేదు. ఓనరు కుర్చీ తిరగడం ఆగిపోయింది. లేచి వెళ్ళి పెట్టె తీగ పీకేశాడు. దాన్ని తుడిచి మొదటికి తెచ్చి, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి మధ్యాహ్నం రెండయింది. పాస్‌వర్డ్ కొత్తది కావాలంటే, తాత వాళ్ళ భాషలో ఒక పొడుగాటి మాట చెప్పాడు. అర్థమేమిటంటే చెప్పలేదు, నవ్వాడు. అది తిట్టేనని నా అనుమానం.

గ్రంథాలయానికి రాశాను. తలుపు కొట్టింది ఒక కెమెరా పెట్టె, తాళం సరిగ్గా లేదు, ఇప్పుడు వేశాం, మళ్ళీ వినబడితే వెంటనే చెప్పండి. ఇక చెయ్యగలిగింది ఎదురుచూడడమే. వాళ్ళకు అప్పటికే చీకటిపడిపోయింది.

శనివారం పొద్దున్న అప్ప ఊరికి పోయాను. లైను ఆగితే ఆమె ఎదురుగానే ఆగాలనుకున్నాను. కల్లం అద్దంలా ఊడ్చి ఉంది. చీరల తగవు తేలనట్టుంది, ఎవరికిష్టమైంది వాళ్ళు కట్టుకున్నారు. ఎనిమిదయింది. తొమ్మిదయింది. ఫోన్ చేతిలో పట్టుకుని మంచెల మధ్య తిరుగుతున్నాను.

"ఆ మంచె తన్నెయ్యకు," అంది అప్ప. అంతకుమించి ఏమీ అడగలేదు. కానీ ఆమె తిరగేసిన గింజలనే మళ్ళీ తిరగేస్తోంది.

తొమ్మిదిన్నరకు గంట మోగింది. కల్లంలో ఉన్నవాళ్ళంతా తలలెత్తారు. కొండ మీద రైలు ఎక్కడిదని ఒకామె అడిగింది.

గ్రంథాలయం వాళ్ళే. నిన్న సాయంత్రం నుంచి తలుపు చప్పుడు లేదు. జాబితా తెరుచుకుంటోంది. మీరు పలికినందుకు కృతజ్ఞతలు, చాలామంది పలకరు, అని రాశారు. అది ఉన్నదున్నట్టు ఇంజనీరుకు పంపి ఫోన్ చేశాను.

"చూశాను సార్," అన్నాడు. "మా దగ్గర కూడా ట్రాఫిక్ మామూలుగా ఉంది. మీ రికార్డు కూడా సరిపోయింది. లైను ఆపడం రద్దు చేశాం. సార్, ఒకటడగనా? విన్నాం అని ముందే ఒక మెయిల్ పెట్టారు చూడండి, అది మా మేనేజర్లకు బాగా నచ్చింది. ఎక్కడ నేర్చుకున్నారు?"

"ట్రైనింగు తీసుకున్నాను," అన్నాను. ఎడం చెవి వేడెక్కలేదు. అది నిజమే కదా.

పదకొండు గంటలకు వీడియో మొదలైంది. తెర మీద ఒకావిడ, పక్కన ఇద్దరు మగవాళ్ళు. తెలుగు చెప్పే మనిషి ఒకరు మధ్యలో. అప్ప ఫోన్‌ను మంచెల వెంట నడిపించింది, చెట్ల మీదికెక్కిన మిరియాల తీగలు చూపించింది, పండ్లు కడిగే తొట్టి చూపించింది. గింజ ఎండిందని ఎలా తెలుస్తుంది, ఏ మిషను వాడతారని తెర మీది ఆవిడ అడిగింది. అప్ప గుప్పెడు గింజలు తీసి ఫోన్ దగ్గర పెట్టి ఆడించింది. గలగలమన్నాయి. ఒకటి నోట్లో వేసుకుని కొరికింది. టక్కుమంది.

"ఇదే మిషను," అంది పళ్ళు చూపించి.

అవతల వాళ్ళు నవ్వారు. ఆ కొరుకుడు చప్పుడు ఒక్క ముక్క తెగకుండా సముద్రం దాటిపోయింది. ముప్పావు గంట సేపు బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. ఈ ఏడు పంటంతా మాకే ఇవ్వండి, వచ్చే ఏడు కూడా ముందు మాకే చెప్పండి, అన్నారు. అప్ప తల ఊపలేదు. సంఘంలో అడిగి చెబుతానంది. ఫోన్ కట్టయ్యాక సంఘం వైపు తిరిగింది. "ఏటే, ఇద్దామా?" అని అడిగింది. అందరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ మాటల్లో ఎక్కడా వ్యాపారి పేరు లేదు.

ఇప్పుడు మా గంట మోగితే నేను పరుగెత్తుతాను. వచ్చిన ప్రతి కబురుకూ ఆ పూటే విన్నామని రాస్తాను. ఈ కొండల్లో ఇంత బేగి పలికే నెట్‌వర్క్ ఇంకొకటి లేదని గ్లాసు కాఫీ పట్టుకుని ఎవరితోనైనా పందెం కాస్తాను.

ఇక, ఒక సంగతి. ఇందాక చేసిన ప్రమాణంలో ఒక్క చోట నా చెయ్యి రౌటరు మీదినుంచి లేచింది. అరకు రోడ్డు మీద ఆ లాడ్జి లేదు. శాలువా కప్పుకున్న ఓనరు లేడు. నాలుగు కెమెరాలూ మా ఆఫీసువి, గుండ్రటి కుర్చీ నాది, ఒకటి రెండు మూడు నాలుగు నాది. తాత కూర్చున్నది మా ఆఫీసు మెట్టు మీద, ఆ మాటలన్నీ పడ్డది నాకు. మొదటిసారి టీ కొట్టు దగ్గర చెప్పినప్పుడు సిగ్గేసి ఒక లాడ్జి కట్టాను. చెప్పిన ప్రతిసారీ దానికొక గది పెరిగింది. పోయిన వారం ఒక టూరిస్టు అందులో రెండు రోజులకు గది దొరుకుతుందా అని అడిగాడు. అప్ప కూడా ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఏ లాడ్జిరా అది అని అడుగుతోంది. తాతను అడిగితే, కబురు దింపేశాను, ఏ గుమ్మమో మరిచిపోయానని అన్నాడట. ఆయన మరిచిపోయే మనిషి కాడు.

మిగతాదంతా నిజమే. ట్రాఫిక్ లైట్ల సంగతి కూడా.